పెన్‌లాన్ వాకిట్లోంచి దారి

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది ఆరుగురం. అమ్మ, తాతయ్య, నేను, పోస్టాఫీసు బెరిల్, రిటైరయిన స్టాక్‌టన్ మాస్టారు, ఆయన కుక్క. కుక్కను లెక్కలో వేసింది తాతయ్య. "బల్ల కింద ఉన్నవాడూ సభ్యుడే. మీటింగు మొత్తంలో బుద్ధిగా కూర్చుంది వాడొక్కడే" అన్నాడు.

నాన్న లేడు. నవంబరులో హెరెఫర్డ్ పట్నం వెళ్లిపోయాడు. అక్కడ ఆయనకు వేరే ఇల్లు ఉంది. ఆయన వెళ్లాక అయిదు నెలలు మా వంటింట్లో గోడ గడియారం కొట్టుకోవడం తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. అమ్మ తాతయ్యకూ నాకూ పళ్లేలు పెట్టి, తను కిటికీ వైపు తిరిగి టీ తాగేది. ఏదైనా అడిగితే "ఊఁ" అనేది. నేను అసలే మాట్లాడను. తాతయ్య కొన్నాళ్లు వాతావరణం గురించి చెప్పి చెప్పి ఆయనా మానేశాడు.

మార్చిలో అమ్మకు ఈ బాట ఆలోచన వచ్చింది. మా ఆల్డర్లో ఊరూ, చుట్టుపక్కల మరో మూడు ఊళ్లూ, ఈ నాలుగు ఊళ్ల చర్చిలను కలుపుతూ ఏడు మైళ్లు నడిచి, బయల్దేరిన చోటికే వచ్చే దారి. కంచెలు దాటే మెట్లు బాగుచేసుకోవాలి, గుర్తుగా పసుపు బాణాలు కొట్టుకోవాలి, ఒక మ్యాపు అచ్చు వేయించాలి. రెండువేల సంవత్సరం వచ్చేలోపు అంతా మన చేతులతో మనమే చేసుకోవాలి. పేరు కూడా అమ్మే పెట్టింది, 'నాలుగు చర్చిల బాట' అని.

"ఏడు మైళ్లలో ఆరున్నర మనదే" అన్నారు స్టాక్‌టన్ మాస్టారు, మ్యాపు మీద కళ్లజోడు పెట్టి. "అన్నీ పాత దారులే, ప్రభుత్వం కాగితాల్లో ఉన్నవే. ఈ అరమైలే గొంతులో ముల్లు."

అరమైలు అంటే పెన్‌లాన్. ప్రోబర్ట్ వాళ్ల పొలం. కింది గేటు దగ్గర మొదలై, వాళ్ల వాకిట్లోంచి, వంటింటి కిటికీ కిందుగా పైగేటుకు వెళ్లే బండ్లదారి. మా ఊళ్లో అందరూ దాన్లోంచే పైఊరు వెళతారు. కానీ మ్యాపులో అక్కడ గీత లేదు. అది వదిలేస్తే మెయిన్ రోడ్డే గతి. కలప లారీలు తిరిగే ఆ రోడ్డు పక్కన కాలు పెట్టేంత గట్టు కూడా ఉండదు.

"అది లేకపోతే మనది చుట్టు కాదు, లాడం" అంది బెరిల్.

"లాడం చుట్టూ నడవడానికి ఎవరొస్తారు, గుర్రం తప్ప?" అన్నాడు తాతయ్య.

అమ్మ నవ్వింది. నేను రాసుకుంటున్న పెన్సిల్ ఆపి చూశాను. ఆ నవ్వు విని అయిదు నెలలయింది.

"మిసెస్ ప్రోబర్ట్‌ను అడిగి చూశాను" అంది అమ్మ. "ఎవరైనా రావచ్చట. తలుపు తట్టి చెప్పి వెళ్తే చాలట. కాగితం మీద మాత్రం పెట్టొద్దంటుంది."

"తలుపు తట్టండి అని మ్యాపులో ఎలా వేస్తాం?" అంది బెరిల్. "బర్మింగ్‌హామ్ నుంచి బస్సు దిగిన నలభై మంది వరసగా తట్టాలా?"

అప్పుడు మాస్టారు సంచిలోంచి కాగితాల కట్ట తీశారు. కౌంటీ దారుల ఆఫీసు నుంచి తెచ్చిన ఫారాలు. ఒక దారిలో జనం ఇరవై ఏళ్లు ఎవరినీ అడగకుండా, ఎవరూ ఆపకుండా నడిస్తే అది జనం దారి అయిపోతుందట. నడిచామని నడిచినవాళ్లు రాసివ్వాలి. "కానీ ఒక్కటి" అన్నారు ఆయన వేలు ఎత్తి, బడిలోలాగే. "ఆ ఇరవై ఏళ్లలో దారి యజమాని కావాలని గేటు మూసేసి, ఒక్కరిని వెనక్కి పంపినా ఆ లెక్క తెగిపోతుంది. ఏడాదికి ఒక్కరోజు మూసినా సరే."

"అలా ఎవరు మూశారు?" అంది అమ్మ.

"క్రిస్మస్ మర్నాడు ఇద్రిస్ ప్రోబర్ట్ గేటు కట్టేసేవాడు కదూ?" అన్నాడు తాతయ్య.

బెరిల్ చక్కెర గిన్నె మూత పెట్టింది, మళ్లీ తీసింది.

"అది కింద గొర్రెల పొలం గేటు, నాన్నా" అంది అమ్మ.

"కాదనుకుంటా."

"మొన్న మన చర్చి పేరే గుర్తు రాలేదు నీకు."

తాతయ్య నా వైపు చూశాడు. నేను కుక్క వైపు చూశాను.

"మన నెస్టా ఉందిగా" అంది అమ్మ వెంటనే, నా భుజం మీద చెయ్యి వేసి. "తొమ్మిదో ఏట నుంచి డైరీ రాస్తోంది. ఏ రోజు ఎటు నడిచిందో, ఏ కంచె మీద ఏ పిట్ట వాలిందో అన్నీ తేదీలతో ఉంటాయి. దానికంటే సాక్ష్యం ఏముంది? ఫారాలన్నీ కూడా దానిచేతే రాయిద్దాం. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది."

"అయితే మన సెక్రటరీ దొరికింది" అన్నారు మాస్టారు.

నా చెవులు కాలిపోయాయి. అమ్మ చెయ్యి నా భుజం మీద చాలాసేపు ఉంది.

నా డైరీలు మొత్తం ఆరు, ఏడోది ఆ ఏడాదిది. ఆ సాయంత్రం మంచం కింది పెట్టెలోంచి తీసి, ఆరింటిలోనూ డిసెంబరు ఇరవై ఆరు తెరిచాను. ఏముందో నాకు తెలుసు. అయినా చూశాను.

క్రిస్మస్ మర్నాడు మా ఊళ్లో ఎవరూ పెన్‌లాన్ వైపు వెళ్లరు. మగవాళ్లందరూ పబ్బు ముందు వేటకు బయల్దేరే గుర్రాలు చూడ్డానికి పోతారు, మిగిలినవాళ్లు టీవీ ముందు నిద్రపోతారు. తాతయ్యా నేనూ మాత్రం నడకకు వెళ్లేవాళ్లం. తాతయ్య మోకాలు చెడ్డాక నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. కింది గేటు నారింజ రంగు తాడుతో కట్టి ఉండేది, గడ్డిమోపులు కట్టే తాడుతో మూడు ముళ్లు. దాని మీద మోచేతులు ఆనించి మిసెస్ ప్రోబర్ట్ భర్త ఇద్రిస్ నిలబడి ఉండేవాడు, ఏదో నా కోసమే పొద్దుట్నుంచి కాచుకున్నట్టు.

"ఈరోజు దారి లేదు పిల్లా" అనేవాడు. "మూడువందల అరవైనాలుగు రోజులు మీవి. ఈ ఒక్కరోజు నాది. మా నాన్నా ఇలాగే కట్టాడు." తర్వాత కోటు జేబులోంచి రుమాలులో చుట్టిన 'పై' ఒకటి తీసి గేటు మీదుగా ఇచ్చేవాడు. ఎండుద్రాక్షలు కూరిన చిన్న రొట్టె, ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉండేది. అది తింటూ నేను వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని. అయిదేళ్లూ అంతే. ఆరో ఏడు మాత్రం ఇద్రిస్ మంచం మీద ఉన్నాడు. గేటు దగ్గర మిసెస్ ప్రోబర్ట్ ఉంది. ఆవిడకు ముళ్లు వేయడం రాక, పార్సిలుకు కట్టినట్టు పువ్వుముడి వేసింది. "ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు, సరిగ్గా వెనక్కి తిరిగి నడువు" అంది. నేను బడి కవాతులోలాగా తిరిగాను. జనవరిలో ఆయన పోయాడు.

ఇదంతా ఆరు చోట్ల ఉంది, నా దస్తూరిలో. ఇంకెక్కడా లేదు.

నాకు స్నేహితులు లేరు. ఈ మాట జాలి కోసం రాయడం లేదు, నిజంగానే లేరు. బడిలో నన్ను ఎవరూ ఏడిపించరు, నేనున్నట్టు గుర్తుంటే కదా. బస్సు దిగి రోజూ పెన్‌లాన్ మీదుగా నడిచి, వంటింటి తలుపు రెండుసార్లు తట్టేదాన్ని. మిసెస్ ప్రోబర్ట్ తలుపు తీసి, నన్ను లోపలికి లాగి, వేడి బయటికి పోకుండా గబుక్కున మూసేసేది. పెనం మీద కాల్చిన చిన్న చిన్న కేకులు పెట్టేది. ఆవిడ మాట్లాడేది, నేను తినేదాన్ని. ఒక్కోసారి ఆవిడా మాట్లాడేది కాదు. అది ఇంకా బావుండేది.

మే నెలలో ఒకరోజు ఆవిడ కేకు తిప్పుతూ వెనక్కి చూడకుండానే అడిగింది.

"మీ వంటింట్లో రోజూ పార్లమెంటు నడుస్తోందటగా."

"ఆదివారాలే" అన్నాను.

"స్టాక్‌టన్ మొన్న వచ్చాడు. అమ్మా, మీకేం పోతుంది, మనుషులు నడిచి పోతారంతే అన్నాడు. వాళ్ల ఇంటి పడకగది కిటికీ ముందు రోజుకో నలభై మందిని నడవనిస్తాడేమో అడగాల్సింది." కేకు పళ్లెంలో వేసి నా ముందు కూర్చుంది. "ఆ ఒక్కరోజు తప్ప ఎవర్నైనా నేను ఆపానా పిల్లా ఎప్పుడైనా?"

ఆపలేదని తల ఊపాను.

"ఆపను కూడా. తట్టమంటున్నానంతే. తడితే మొహం చూస్తాను, రెండు ముక్కలు మాట్లాడతాను, కుక్కను కట్టేస్తాను, ఈనుతున్న గొర్రె ఉంటే అటు పోవద్దంటాను. అందరి దారీ అయిపోయాక నన్నెవరు తడతారు? గొడ్లు పోయినట్టు పోతారు." చేతులకు అంటిన పిండిని చూసుకుంది. "ఆయన ఏడాదికొకసారి ఆ గేటు కట్టింది అందుకే. కట్టేస్తే మనదని తెలుస్తుంది, మనదని తెలిస్తే ఇవ్వొచ్చు అనేవాడు. అది రాసి పంపాను దారుల ఆఫీసుకు. వాళ్లేమన్నారో తెలుసా? మీ మాట ఒక్కటే చాలదు, వెనక్కి తిరిగిన మనిషిని చూపించండి అన్నారు."

నేను కేకు నమలడం ఆపాను.

"నేనేం గాబరా పడలేదు" అంది ఆవిడ. "బీవన్ వాళ్ల పిల్ల నెస్టా ఉంది, అది అన్నీ రాసుకుంటుంది అని చెప్పాను."

ఏదో ఒకటి అనాలి. అమ్మ పేరు చెప్పాలో, ఫారాల సంగతి చెప్పాలో తెలియలేదు. నా నోట్లో కేకు ఉంది. ఆవిడ ఇంకోటి వేసింది.

ఆ వారమే నా ఫారం రాశాను. బడి నుంచి వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఎండ ఇంకా తోటలోనే ఉంది. అమ్మ బయట మాస్టారుతో కలిసి కంచె మెట్టుకు పలక కొడుతోంది. "ఇంకా పైకి, పైకి, అయ్యో నా వేలు కాదు మేకు" అని అరిచి నవ్వుతోంది. డైరీలు వరసగా పెట్టుకుని తేదీలు ఎక్కించాను. ఆరేళ్లలో తొమ్మిదివందల పదకొండుసార్లు ఆ దారిలో నడిచినట్టు తేలింది. తొమ్మిదివందల పదిహేడు ఉండాలి. ఆ ఆరు నేను నడిచి పూర్తి చేసినవి కావు కదా, గేటు దాకా వెళ్లి వచ్చినవే కదా అనుకుని వదిలేశాను.

ఎనిమిదో ప్రశ్న: మీరు ఎప్పుడైనా ఎవరినైనా అనుమతి అడిగారా?

లోపలికి నీళ్ల కోసం వచ్చిన మాస్టారును అడిగాను, తలుపు తట్టేదాన్ని కదా, అది అడిగినట్టేనా అని.

"నువ్వు తట్టింది దేనికి?"

"కేకులకు."

"అయితే కేకు కోసం తట్టావు, దారి కోసం కాదు. 'లేదు' అని రాయి."

రాశాను.

తొమ్మిదో ప్రశ్న: ఆ దారిలో గేటు మూసి ఉండగా గానీ, యజమాని మిమ్మల్ని వెనక్కి పంపగా గానీ ఎప్పుడైనా జరిగిందా? అవును, లేదు. రెండు చిన్న గళ్లు. మాస్టారు నీళ్లు తాగి వెళ్లిపోయారు. అమ్మ లోపలికి వచ్చింది, చేతికి మట్టి, జుట్టులో ఆకులు. నా తల మీద ముద్దుపెట్టి, "అయిపోయిందా సెక్రటరీ?" అంది.

"ఒక్క గడి ఉంది" అన్నాను.

అమ్మ వంగి చూసింది. చదివింది. సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది, మట్టి పోయాక కూడా కడుక్కుంటూనే ఉంది.

'లేదు' గడిలో టిక్కు పెట్టాను.

తాతయ్య తన ఫారం ఇవ్వలేదు. అమ్మ రెండుసార్లు అడిగింది. "నాకు జ్ఞాపకశక్తి లేదుగా తల్లీ" అన్నాడు. మూడోసారి అడగలేదు.

ఆ వేసవిలో మా ఇల్లు ఇల్లులా ఉంది. శనివారాలు నాలుగు ఊళ్ల నుంచి ఇరవై మంది వచ్చేవాళ్లు. దురదగొండి నరికారు, బురదలో రాళ్లు పరిచారు, మూడు వాగుల మీద చెక్కలు వేశారు. మధ్యాహ్నం మా తోటలో అందరికీ రొట్టె, జున్ను, ఉల్లిపాయ ఊరగాయ. అమ్మ స్నానాల గదిలో పాడుకునేది. నాకు ఎంత ఇష్టమైనా, వాళ్లందరి మధ్య ఎక్కడ నిలబడాలో తెలిసేది కాదు. పళ్లేలు అందిస్తూ తిరిగేదాన్ని. పళ్లేలు అయిపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నాలుగున్నరకు పెన్‌లాన్ వెళ్దామని కాళ్లు లేచేవి. రెండుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చేశాను. తర్వాత బస్సు దిగి రోడ్డు మీదుగానే రావడం మొదలుపెట్టాను. లారీ వచ్చినప్పుడల్లా కంచెకు అతుక్కుపోవాలి.

జూలైలో దారుల ఆఫీసు ఆయన దారి చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. దానికి ముందు రోజు కింది గేటు దగ్గర దురదగొండి తీస్తున్నాం. గేటు గుంజకు ఒక తాడు ముక్క వేలాడుతోంది. నారింజ రంగు ఎండకు వెలిసి పాలిపోయింది. ఒకవైపు పువ్వుముడి ఇంకా అలాగే ఉంది. అమ్మ కత్తెరతో దాన్ని కత్తిరించి దురదగొండి సంచిలో వేసింది. "పొలాల నిండా ఈ తాళ్లే, చెత్త" అంది, నాతో కాదు, సంచితో.

మర్నాడు వచ్చిన ఆఫీసు ఆయన మంచివాడే. సన్నగా, ఎండకు ముక్కు ఎర్రబడి, చేతిలో అట్టకు బిగించిన కాగితాలతో ఉన్నాడు. అమ్మ, మాస్టారు, నేను వెంట వెళ్లాం. కింది గేటు దగ్గర ఆగి, దాన్ని తెరిచి మూసి చూశాడు. అక్కణ్నుంచి పెన్‌లాన్ వాకిలి కనబడుతుంది. మిసెస్ ప్రోబర్ట్ తలుపు దగ్గర గిన్నెలు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. తుడవడం లేదు. మా వైపే చూస్తోంది. నన్ను చూసి చెయ్యి ఎత్తింది.

"మిస్ బీవన్ అంటే మీరేనా?" అన్నాడు ఆయన. "మీ ఫారం చూశాను. ఇంత చక్కగా రాసిన ఫారం మా ఆఫీసుకు ఎప్పుడూ రాలేదు."

"మా సెక్రటరీ" అంది అమ్మ.

"మిగిలిన పదిహేను మందినీ అడిగాను. ఎవరికీ గేటు మూసి కనబడలేదు. మిసెస్ ప్రోబర్ట్ మాత్రం క్రిస్మస్ మర్నాడు కట్టేవాళ్లమని, మీరు చూశారని అంటున్నారు." కాగితం తిప్పాడు. "మీరు ఆ గళ్లో 'లేదు' అని పెట్టారు. పొరపాటున పెట్టారేమోనని అడుగుతున్నా. అలాంటిది ఏమైనా గుర్తుందా?"

గుంజ మీద తాడు రాసుకున్న చోట చెక్క నున్నగా ఉంది. ముప్పై నలభై ఏళ్లు ఒకేచోట తాడు వేలాడి రాసుకుంటే అలా అవుతుంది. ఎవరైనా చూస్తే కనబడేదే. మాస్టారు ఆకాశం వైపు చూస్తున్నారు, వాన వస్తుందేమోనన్నట్టు. అమ్మ నా పక్కనే ఉంది, మోచెయ్యి నాకు తగులుతోంది.

"గుర్తులేదు" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. ఒక్క మాటే కదా, వెంటనే అయిపోయింది.

మేం వాకిట్లోంచి నడిచి వెళ్తుంటే మిసెస్ ప్రోబర్ట్ ఆయనకు నమస్కారం చెప్పింది. అమ్మకు చెప్పింది. నేను ఆవిడ కుక్క మెడ నిమిరి, తల ఎత్తకుండా పైగేటు దాకా నడిచాను.

ఆగస్టు రెండో వారంలో ఉత్తరం వచ్చింది. అమ్మ నిలబడే చదివింది, కళ్లజోడు లేకుండా, చెయ్యి దూరంగా పెట్టి. ఇలాంటివి తేలడానికి రెండు మూడేళ్లు పడుతుందని అందరూ అనుకున్నాం. కానీ పెన్‌లాన్ యజమానురాలు తన అభ్యంతరం వెనక్కి తీసుకున్నారట. సాక్షుల వాంగ్మూలాలు చూశాక ఇక తనకు చెప్పుకోవాల్సింది ఏమీ లేదని రాశారట. వాకిట్లోంచి దారి ఇస్తూ సంతకం కూడా పెట్టేశారట. అదే మాట అమ్మ రెండుసార్లు చదివింది, రెండోసారి గొంతు తగ్గింది.

"ఇంత తేలిగ్గానా?" అంది బెరిల్, ఫోన్లో. ఆవిడ గొంతు బల్ల ఇవతలికి వినబడింది.

"మొత్తం మీద మంచి మనిషే" అంది అమ్మ. ఫోన్ పెట్టేసి నన్ను గట్టిగా వాటేసుకుంది. నేను కూడా వాటేసుకున్నాను. అమ్మ జుట్టులో గడ్డి వాసన వచ్చింది. నాకు కావలసింది ఇదే కదా, ఇదేగా అని రెండుసార్లు అనుకున్నాను.

తాతయ్య కుర్చీలోంచి లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"రోడ్డు మీదికి. లారీలు లెక్కబెడతాను."

సెప్టెంబరు మూడో ఆదివారం బాట తెరిచారు. నూటముప్పై మంది వచ్చారని రాసుకున్నాను. నాలుగు చర్చిల గంటలూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టారు. చర్చి గుమ్మంలో అమ్మ రిబ్బను కత్తిరించింది, నీలం గౌను వేసుకుంది, ఎవరో ఫొటో తీశారు. తాతయ్య మోకాలు నొప్పి అని ఇంట్లోనే ఉండిపోయాడు. నాకు పసుపు చొక్కా ఇచ్చి అందరికంటే చివర నడవమన్నారు, ఎవరూ వెనకబడకుండా చూడ్డానికి. నా వెనక ఎవరూ లేరు.

పెన్‌లాన్ కింది గేటు తీసేసి, దానంతట అదే మూసుకునే కొత్త గేటు పెట్టారు. దానికి పసుపు బాణం. జనం మాట్లాడుకుంటూ, పిల్లల్ని కేకలేస్తూ, ఆగకుండా వాకిట్లోంచి పోయారు. ఒకావిడ ఆగి, "ఎంత ముద్దుగా ఉంది ఇల్లు, ఎవరైనా ఉంటున్నారంటావా?" అని వాళ్లాయన్ను అడిగింది. వంటింటి కిటికీకి తెర వేసి ఉంది. ఆ కిటికీకి తెర ఉందని అంతవరకూ నాకు తెలియదు. కుక్క ఎక్కడా కనబడలేదు, లోపలెక్కడో మొరుగుతోంది.

తర్వాత ఊరి హాల్లో టీ. అమ్మ చుట్టూ మనుషులు. నేను కాసేపు కప్పులు అందించాను. కప్పులు అయిపోయాయి. ఇంటికి వెళ్లి పెట్టెలోంచి ఆరు డైరీలూ తీసి, బడి సంచిలో పెట్టుకుని పెన్‌లాన్ వెళ్లాను.

రెండుసార్లు తట్టాను.

చాలాసేపటికి ఆవిడ తలుపు తీసింది. లోపల పొయ్యి వెలుగుతోంది. పెనం మీద ఏమీ లేదు.

నేను వచ్చేదారంతా మాటలు కూర్చుకున్నాను. సంచి తెరిచి, "వీటిలో ఉంది" అన్నాను. "ఆరుసార్లూ ఉంది. ఆఫీసుకు పంపండి. నేను వచ్చి చెప్తాను. మా అమ్మ ఏమన్నా సరే చెప్తాను."

అంత పొడుగు మాట నేను ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఆవిడ నా వైపు చూసింది. చెయ్యి ఆప్రానుకు తుడుచుకుని, పైనున్న డైరీ తీసుకుంది. నేను కాగితం ముక్క పెట్టిన చోట తెరిచి, వెలుతురు కోసం గుమ్మం అంచు దాకా వచ్చి, పెదాలు కదుపుతూ చదివింది.

"ఆ ఏడు నీకు రెండు పైలు ఇచ్చాడన్నమాట" అంది. "నాతో ఒకటే అన్నాడు. ఇంకోటి ఎక్కడికి పోయిందని వారం రోజులు పోట్లాడాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ ఇంకో పేజీ తిప్పలేదు. డైరీ మూసి, అట్ట మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, నా సంచిలోనే పెట్టేసింది. సంచి పట్టీ కూడా బిగించింది, చలికి కోటు గుండీలు పెట్టే వాళ్లలా.

"సంతకం పెట్టేశాను కదా" అంది.

"పొరపాటయిందని చెప్తే—"

"ఎవరి పొరపాటని చెప్తావు?"

పైగేటు వైపు నుంచి ఇద్దరు వస్తున్నారు, భుజాలకు సంచులు, చేతిలో మా మ్యాపు. వాళ్లు మమ్మల్ని దాటి, మాకు తల ఊపి, కింది గేటు వైపు వెళ్లారు. కొత్త గేటు దానంతట అదే మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆవిడ అది వినేదాకా ఆగింది.

"దారి అటండీ, మిస్ బీవన్" అంది. "ఇప్పుడిది అందరిదీ. మీరు తట్టక్కర్లేదు."

తలుపు మూసేసింది. గట్టిగా ఏం కాదు. వేడి బయటికి పోకుండా ఎప్పుడూ ఎలా గబుక్కున మూసేదో అలాగే మూసింది. ఇంతకుముందు ఆ తలుపు అలా మూసుకున్నప్పుడల్లా నేను లోపల ఉండేదాన్ని.